తుళశమ్మ వ్రాలు

కంకిపల్లి పెద వెంకయ్య గారి కొడుకు రాఘవయ్య గారు. రాఘవయ్య గారి చిన్న కొడుకు సీతారామయ్య గారు, ఆయన కొడుకు మా నాన్న వెంకటరత్నం గారు. నాన్నకు నేనొక్కదాన్నే. ఉయ్యూరుకు దిగువన కాలవ గట్టు మీద మా ఊరు. ఆ ఊరి మునసబుగిరీ మూడు తరాలు మా ఇంట్లో ఉంది. శ్రీరామనవమి పందిట్లో మొదటి తాంబూలం మా అరుగు మీదికి వచ్చాకే తక్కినవాళ్ళకి వెళ్ళేది. మా ఇంటి ముందునుంచి పోయేవాళ్ళు గొడుగు ముడుచుకుని పోయేవారని చెప్పుకునేవారు. గొడుగు సంగతి నేను చూడలేదు గాని, సైకిలు దిగి నడిపించుకుంటూ పోవడం నా కళ్ళతో చూశాను. ఆ ఆస్తిలో సగం తాతయ్య ఎన్నికల్లో పోగొట్టారు, మిగతా సగం నాన్న సినిమా హాల్లో పోగొట్టారు. ఇద్దరూ ఎవరి గుమ్మంలోనూ తల వంచలేదు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై, బెజవాడ గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ నోటుపుస్తకాల కొట్టు పైన రెండు గదుల్లో ఉంటున్నాను. మెట్లెక్కి వచ్చినవాళ్ళకి ఇప్పటికీ వెండి గ్లాసులోనే మంచినీళ్ళిస్తాను. ఉన్నది ఒక్క గ్లాసే కాబట్టి, ఇద్దరొస్తే ఒకరి తరవాత ఒకరు తాగాలి.

పోయిన వేసవిలో ఆ మెట్లెక్కి శేషగిరి అన్నయ్య వచ్చాడు. రాఘవయ్య గారి పెద్ద కొడుకు, బెజవాడలో ప్లీడరీ చేసిన నరసింహం గారి మనవడు. నాకు అన్న వరస. మా రెండిళ్ళ మధ్య రాకపోకలు ఉన్నాయనీ అనలేను, లేవనీ అనలేను. పెళ్ళికి కార్డు వస్తుంది, చావుకి ఫోను వస్తుంది, అంతే. చంకలో పొడుగాటి కాగితం చుట్ట పెట్టుకుని ఆయాసపడుతూ కూర్చున్నాడు.

"కంకిపల్లి వాళ్ళందరినీ పై నెల్లో ఒకచోట చేరుస్తున్నానమ్మా. కల్యాణమండపం మాట్లాడేశాను. స్టేజీ వెనకాల మన వంశవృక్షం, ఇరవై అడుగుల ఫ్లెక్సీ. నువ్వు తెలుగు టీచరువి, అచ్చుతప్పులుంటే చూసిపెట్టు," అన్నాడు.

కాగితం మంచం మీద పరిచి చూశాను. రాఘవయ్య గారి పేరుకు కుడివైపు లావుపాటి గీత, దాని చివర 'ధర్మపత్ని తులశమ్మ గారు'. ఆవిడ కింద ప్లీడరు గారు, వాళ్ళ డాక్టర్లు, ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు. ఎడమవైపు ఒక చుక్కల గీత, దాని చివర 'చిట్టెమ్మ'. గారు లేదు. ఆవిడ కింద మా తాతయ్య, నాన్న, నేను.

"ఈ చుక్కలేమిటన్నయ్యా?"

"అది డిజైనరు పెట్టాడు."

"డిజైనరుకి చిట్టెమ్మ గారు ఎలా తెలుసు?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సుభద్రా, అందరికీ తెలిసిందే కదమ్మా. ముత్తాతగారు చేరదీసిన మనిషి. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు? అసలా పేరే తీసేద్దామన్నారు మావాళ్ళు. నేనే, పాపం, ఉండనివ్వండి అన్నాను."

ఆ 'పాపం' దగ్గర నాకు నడుం నిటారుగా అయింది. అతని చేతిలోని వెండి గ్లాసు తీసుకుని లోపల పెట్టేశాను. అతను చెడ్డవాడు కాడు. తన దగ్గరున్న ఆధారాలన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఊరి గుళ్ళో ధ్వజస్తంభం పక్క రాయి మీద 'రాఘవయ్య గారు, ధర్మపత్ని తులశమ్మ గారు' అని ఉంది. ప్లీడరు గారు రాసుకున్న పుస్తకంలో 'మా అమ్మ తులశమ్మ' అని ఉంది. మా తాతయ్య పుట్టుక గురించి ఊరి రిజిస్టరులో మాత్రం తల్లి పేరు చిట్టెమ్మ. "రెండు పేర్లు, ఇద్దరు మనుషులు. ఇందులో నేను కల్పించిందేముంది? నీ దగ్గర రుజువేమన్నా ఉంటే చూపించు, మారుస్తాను. ప్రింటుకి ఇవ్వడానికి ఇంకా పది రోజులుంది," అని కాగితం నా దగ్గరే వదిలి మెట్లు దిగాడు.

చిట్టెమ్మ గారు మా నాయనమ్మకు అత్తగారు. నేను పుట్టేసరికే పోయారు. ఫొటో లేదు. నాకు తెలిసిందల్లా నాయనమ్మ చేతుల్లో, దొడ్లో, ఇత్తడి సామాను మధ్య తెలిసిందే. గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో ఇత్తడి తోమేవారు. నూతి పక్కన చప్టా మీద బిందెలు, కాగులు, చెంబులు బోర్లించి, నానబెట్టిన చింతపండు, ఇటుక పొడి, బూడిద మూడు మూకుళ్ళలో పెట్టుకునేది నాయనమ్మ. పనిమనిషి ఉన్నా ఆ పని ఆవిడదే. చింతపండు పులుపు, తడి బూడిద, చెరుకు క్రషింగు రోజుల్లో ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ మీదుగా వచ్చే మడ్డి వాసన కలిసి ముక్కులో కూర్చునేవి. ఆ వాసన ఇప్పుడు నాకు బస్సు కిటికీలోంచి తగిలినా గురువారమేమో అనిపిస్తుంది. సామాను అన్నిటికీ పెద్ద, ఒక గుండిగ. నన్ను అందులో కూర్చోబెడితే తల ఒక్కటే పైకి కనిపించేది. దాని మెడ చుట్టూ ఎవరో కంచరి ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: 'చి. సౌ. తుళశమ్మ'. నాకు అక్షరాలు అక్కడే వచ్చాయి. బళ్ళో వెయ్యకముందే ఆ చుక్కల మీద వేలు పెట్టి త, ళ, శ, మ నేర్చుకున్నాను. అది చూసి నాయనమ్మ ఒకసారి నవ్వింది. "మా అత్తగారూ ఇంతే. ఇది తోముతూ బూడిదలో వేలితో చుక్కలు పెడుతూ కూచునేవారు. ఆవిడకి వచ్చిన చదువంతా ఈ గుండిగ మీదదే," అంది.

"ఈ పేరెవరిది నాయనమ్మా?" అని అడిగాను.

"పెద్దవాళ్ళది. తోము," అంది.

బళ్ళో చేరిన ఏడాది మాస్టారు వరండాలో ఉన్న తులసి మొక్క చూపించి, ఇదేమిటని అడిగారు. నేను లేచి ధీమాగా "పూజమొక్క" అన్నాను. క్లాసంతా నవ్వింది. దీన్ని తులసి అంటారు, పలక మీద రాయి అన్నారు మాస్టారు. 'తుళసి' అని రాశాను. అరచేతి మీద బెత్తంతో రెండు పడ్డాయి, ఒకటి పూజమొక్కకి, ఒకటి ళ కి. ఏడుస్తూ ఇంటికి వచ్చి చెబితే నాయనమ్మ నా చేతికి వెన్న రాసింది. "ఆ మాట బళ్ళో అనుకో. ఇంట్లో మటుకు అనకు," అంది. మా వైపు కోడలు అత్తగారి పేరు నోటితో పలకదు. ఆ పేరున్న వస్తువునీ పలకదు. మా పక్కింటావిడ అత్తగారి పేరు బంగారమ్మ. ఆవిడ చచ్చేదాకా బంగారాన్ని 'పచ్చది' అనే అంది. షావుకారు కొట్లో కూర్చుని "రెండు కాసుల పచ్చది చూపించవయ్యా" అంటే అతను పసుపు కొట్టు పక్క సందులో ఉందమ్మా అన్నాడని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మా ఇంట్లో తులసి పూజమొక్క అయింది. మా అమ్మకీ అదే అలవాటైంది, నాకూ అదే వచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ప్లీడరు గారింట్లో పెళ్ళికి నాయనమ్మతో బెజవాడ వెళ్ళాను. తాతయ్య రాలేదు. అన్నదమ్ములిద్దరికీ ఎప్పుడో చేలగట్టు దగ్గర మాట పట్టింపు వచ్చి పలకరింపులు ఆగిపోయాయి. పందిట్లో మొదటి బంతికి ఆకులు వేశారు. నేను గబగబా వెళ్ళి ఒక ఆకు ముందు కూర్చున్నాను. బూరెల బుట్ట పట్టుకున్న ఒకావిడ, ఎవరో నాకిప్పటికీ తెలియదు, పక్కావిడతో అంది: "చిట్టెమ్మ తాలూకు వాళ్ళు రెండో బంతిలో కూచుంటారులే. వాళ్ళేం అనుకోరు." గట్టిగా అనలేదు, మెల్లగానూ అనలేదు. నాయనమ్మ విన్నది. ఆవిడ పెదిమలు విడడం, మాట నాలుక చివరిదాకా రావడం, మళ్ళీ పెదిమలు మూసుకోవడం నేను కింద కూర్చుని చూశాను. నా రెక్క పట్టుకుని లేపింది. బస్సెక్కాం.

"ఆకలేస్తోందా?" అంది పెనమలూరు దాటాక.

"ఆఁ."

"నడుం నిటారుగా పెట్టి కూచో. తగ్గుతుంది."

తగ్గలేదు. ఉయ్యూరు ఇవతల రోడ్డు పక్క చేను ఒకటి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "అది మా అత్తగారి పసుపుకుంకుమ. పుట్టింటివాళ్ళు కొని రాసిచ్చిన చేను. మన పాలేరు బసవయ్యకి అమ్మారు," అంది. ఇంటికి వెళ్ళాక పెళ్ళిలో జరిగింది తాతయ్యకి చెప్పాను. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండా, "నా తల్లి ఎవరో ఊరికి నేను చెప్పుకోవాలా?" అన్నారు. మా ఇంటి పౌరుషం అలాంటిది. అది తప్పని ఇవాళ కూడా నా నోటితో అనలేను గాని, ఆ ఒక్క జవాబు ఆయన చెప్పి ఉంటే మాకు రెండో బంతి ఉండేది కాదు.

ఇవన్నీ తలుచుకుంటూ శేషగిరి వదిలిన కాగితం ముందు రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ, కాగితం అడుగున కాకుండా నెత్తిన ఏముందో చూశాను. పెద వెంకయ్య గారు, ధర్మపత్ని తులశమ్మ గారు. ఒక మెట్టు కింద రాఘవయ్య గారు, ధర్మపత్ని తులశమ్మ గారు. అత్తా తులశమ్మే, కోడలూ తులశమ్మే.

కాఫీ గ్లాసు కింద పెట్టాను. అత్త తులశమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉండగా, కాపరానికి వచ్చిన పిల్లని ఆ ఇంట్లో ఎవరు, ఏ నోటితో "ఏమే తులశమ్మా, పేడ తియ్యి" అని కేక వేస్తారు? వెయ్యరు. గడప దాటిన రోజే పేరు మారుస్తారు. చిన్నపిల్ల కాబట్టి చిట్టెమ్మ అని ఉంటారు. గుళ్ళో రాయికి పెట్టిన పేరు ఇచ్చారు, ఇంట్లో పిలుపు పేరు మిగిలింది. పెద్ద కొడుకు నరసింహం గారు కొండపల్లి దగ్గర తల్లి పుట్టింట్లో, తాతగారి దగ్గర పెరిగారు. అక్కడ అందరూ ఆవిడని తులశమ్మ అనే పిలిచేవాళ్ళు, ఆయన పుస్తకంలో అదే రాసుకున్నారు. చిన్న కొడుకు మా ఊళ్ళో పుట్టాడు, రిజిస్టరు రాసినాయన చెవిన పడ్డ పేరు రాశాడు. అన్నదమ్ములు మాటలు మానేశారు, వాళ్ళ పిల్లలు కలిసి ఆడుకోలేదు. ఒక ఇంటివాళ్ళు మా నాయనమ్మ తులశమ్మ అన్నారు, ఇంకో ఇంటివాళ్ళు మా నాయనమ్మ చిట్టెమ్మ అన్నారు. ఒక్కరూ అబద్ధం ఆడకుండానే ఒక మనిషి ఇద్దరైంది. ఆ ఇద్దరిలో ఒకరికి తాళి లేకుండా పోయింది.

అప్పుడు నాకు పెళ్ళిపందిట్లో నాయనమ్మ పెదిమలు గుర్తొచ్చాయి. ఆవిడకి తెలుసు. ఆ బూరెల బుట్టావిడకి చెప్పాల్సిన జవాబు ఒకే ఒక్క పేరు. ఆ పేరు ఆవిడ అత్తగారిది. అత్తగారి మీద గౌరవంతో, అత్తగారి గౌరవాన్ని నిలబెట్టే మాటని మింగేసి, నా రెక్క పట్టుకుని ఆకలితో బస్సెక్కింది.

శేషగిరికి ఫోను చేసి చెప్పాను. అంతా విని, "కథ బాగుంది టీచరమ్మా. కాగితమేది?" అన్నాడు. మళ్ళీ తనే, "అసలు తులశమ్మ గారి గుండిగ మీ ఇంట్లో ఎందుకుందని మా నాన్న ఎప్పుడూ అనేవాడు. పంపకాల్లో లాక్కున్నారనేవాడు. అదన్నా తెచ్చి చూపించు," అన్నాడు.

"గుండిగ మాట వదిలెయ్. కాగితమే తెస్తాను," అన్నాను.

మర్నాడు ఉయ్యూరు బస్సెక్కాను. ఆ పసుపుకుంకుమ చేను కొన్న బసవయ్య మనవడు బసవేశ్వరరావుకి అక్కడ ఎరువుల కొట్టు, దాని మీద మూడంతస్తుల ఇల్లు ఉన్నాయి. బసవయ్య మా అరుగు కిందే నిలబడి మాట్లాడేవాడు. అతని మనవడి హాల్లో చలవరాతి నేల మీద నేను నిలబడి వచ్చిన పని చెప్పాను. అతను సోఫా చూపించాడు. ఫరవాలేదన్నాను.

"కూర్చోండి మేడం గారూ. మీరు నిలబడితే నేను కూర్చోలేను, నాకు మోకాళ్ళు నొప్పులు," అన్నాడు.

కూర్చున్నాను. అతను దేవుడి గదిలోకి వెళ్ళి పసుపు గుడ్డలో చుట్టిన కట్ట తెచ్చాడు. "మా ఇంట్లో మొట్టమొదటి దస్తావేజండీ ఇది. అంతకు ముందు మావాళ్ళ పేరు ఏ కాగితం మీదా లేదు. దసరాకి పూజలో పెట్టుకుంటాం," అని రెండు చేతులతో ఇచ్చాడు. నేనూ రెండు చేతులతోనే తీసుకున్నాను.

'కంకిపల్లి రాఘవయ్య గారి భార్య చిట్టెమ్మ వ్రాయించి ఇచ్చిన క్రయ దస్తావేజు' అని మొదలైంది. భార్య అనే మాట దగ్గర వేలు పెట్టి కాసేపు అక్కడే ఉంచాను. తన పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చేనుని, 'నా జ్యేష్ఠ కుమారుడు నరసింహం బందరు చదువు నిమిత్తం' అమ్ముతున్నానని కింద ఉంది. సాక్షులందరివీ వేలిముద్రలు. వాటి పక్కన, పాత కాగితాల్లో సంతకాన్ని వ్రాలు అంటారు, గుమాస్తా చేతిరాతలో 'వ్రాలు' అని, దాని ముందు వేరే చేతిరాత. రాత అనకూడదు. కలం ముల్లుతో పొడిచిన చుక్కలు. చుక్క పక్కన చుక్క, ఒక్కో అక్షరం ఒక్కో ముగ్గులాగా: తుళశమ్మ.

ళ. నా అరచేతి మీద బెత్తం పడ్డ ళ.

"ఆ వ్రాలు గురించి మా తాత అభినయించి మరీ చెప్పేవాడండీ," అన్నాడు బసవేశ్వరరావు. "గుమాస్తా అడిగాడంట, ఏమమ్మా, కాగితంలో పేరొకటి, మీరు పెట్టిందొకటి, ఏమిటిది అని. అమ్మగారు తలెత్తకుండా, అది మీరు పిలిచేది, ఇది నాది, అన్నారంట."

అతను మజ్జిగ తెప్పించాడు, తాగాను. మా ఇంట్లో మనిషి బసవయ్య ఇంట్లో మంచినీళ్ళు తాగడం అదే మొదలు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాని గ్లాసు వంక చూడలేదు. అంత మర్యాద మా అరుగు మీద అందరికీ ఉండేదని నేను చెప్పలేను. కాగితాన్ని తనే జిరాక్సు తీయించి, బస్టాండుదాకా వచ్చి ఎక్కించాడు.

శేషగిరి ఆ జిరాక్సుని రెండుసార్లు చదివాడు. రెండోసారి 'బందరు చదువు' దగ్గర ఆగిపోయాడు. వాళ్ళ ఇంట్లో ప్లీడరు గారి నిలువెత్తు ఫొటో ఉంది, నల్ల కోటుతో. అతను దాని వంక చూశాడు.

"అయితే మా తాత చదువు..."

"మీ తాతని చదివించింది చిట్టెమ్మ గారు. మీరు చుక్కలతో కలిపిన చిట్టెమ్మ గారు."

"మావాళ్ళకిప్పుడు ఏం చెప్పను సుభద్రా?"

"ఏమీ చెప్పొద్దు. గీత లావుగా గీయించు, చాలు."

గీయించే పని నేనే పెట్టుకున్నాను. ఫ్లెక్సీ కొట్టు మా వీధి చివరే. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు నేను రాసిచ్చింది చూసి, "మేడం, తులశమ్మ కదండీ, ళ తప్పండీ," అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల పుస్తకాల్లో ఆ ళ కి ఎర్రసిరా సున్నా చుట్టినదాన్ని నేను. "తప్పే. అలాగే ఉండాలి," అన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. రాఘవయ్య గారి పక్కన ఒకే లావుపాటి గీత, దాని చివర 'ధర్మపత్ని తుళశమ్మ (చిట్టెమ్మ) గారు', ఆవిడ కింద ఇద్దరు కొడుకులు ఒకే వరసలో.

తరవాతి నెల ఒక ఆదివారం కల్యాణమండపంలో రెండు వందలమందికి పైగా చేరారు. సగంమందికి నేనెవరో తెలియదు. శేషగిరి, మాట నిలుపుకునే మనిషే, మైకు తెచ్చి నా చేతికిచ్చాడు. పెద్దగా మాట్లాడలేదు. కాగితం చదివాను, వ్రాలు దాకా. తరవాత చెప్పాను: "మా నాయనమ్మ ఈ ఇంటి కోడలు, ఈ పేరు ఆవిడ పలకకూడదు. మా అమ్మకీ నోటికి రాలేదు. నేను ఈ ఇంటి ఆడపడుచుని. నాకా అడ్డం లేదు. తుళశమ్మ. తుళశమ్మ. తుళశమ్మ." కొత్త కోడళ్ళు, అత్తగార్ల నంబర్లు పేరు పెట్టి ఫోన్లలో దాచుకునే పిల్లలు, వింతగా చూశారు. పేరు పెట్టి పిలవడం వాళ్ళకి గాలి పీల్చడమంత తేలిక. అది మంచిదే. మా నాయనమ్మకి ఆ తేలిక ఒక్క పూట దొరికి ఉంటే చాలు అనుకున్నాను. ఆ మాట అంత బరువు లేకపోతే నేను ఇవాళ ఇలా పలికేదాన్నీ కాదేమో.

"అత్తయ్య గారూ, మొదటి బంతి," అని శేషగిరి కోడలు నన్ను వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది. వరసలో మొదటి ఆకు ముందు కూర్చోబెట్టింది. రెండు బూరెలు తిన్నాను, నడుం నిటారుగా పెట్టి. వడ్డన మధ్యలో ఆ పిల్ల వంగి, "మామయ్య గారు చెప్పిన గుండిగ ఫొటో తీసి మన గ్రూపులో పెడదామండీ. ఎక్కడుంది?" అని అడిగింది.

గుండిగ లేదు. సినిమా హాలు మూసేసిన ఏడాది, నాయనమ్మ పోయిన మూడో నెలలో, నేనే బస్సు మీద వేసుకెళ్ళి బెజవాడ ఇత్తడి కొట్లో తూకానికి అమ్మాను.